మొదటి బిందె జీపుకు

కాదు మనమరాలా, ఆ లైను కొట్టెయ్. జీపుతో మొదలుపెడితే ఇది జీపు కథైపోతాది. నీళ్ళతో మొదలుపెట్టు. నేను నిమ్మళంగా చెప్తా, నువ్వు చదువుకున్నోళ్ళు రాసే తీరుగా రాసుకో. పేర్లు మాత్రం మార్చాకు. మా అక్క పేరు లూదియా. ఊరు ఆళ్ళగడ్డ. ఎనభై మూడు, డిసెంబరు నెల. రాసినావా? ఊఁ. నీళ్ళు.

పొయ్యి మీద కాగిన మొదటి బిందె నీళ్ళు జీపుకు. రెండో బిందె ఆమె భర్త ఇస్సాకు స్నానానికి. మూడోది అత్త సరోజమ్మకు. నాలుగో బిందె పెట్టేసరికి కట్టెలైనా అయిపోయేవి, డ్యూటీ టైమైనా అయిపోయేది. లూదియా వణుక్కుంటూ చన్నీళ్ళు పోసుకొని, తెల్ల నర్సు చీర కట్టుకొని, ఆ చీరతోనే వీధిలోకి వచ్చి జీపును తోసేది.

ఆ పనికి ఒక వరస ఉండేది. ముందు రేడియేటరు మూత తీసి సగం బిందె నెమ్మదిగా పోయాలి. మిగతా సగం, ఇంజను మీద గోనెసంచి పరిచి దాని మీద పోయాలి. తర్వాత కట్టెకు గుడ్డ చుట్టి, కిరసనాయిల్లో ముంచి అంటించి, ఇంజను గాలి పీల్చుకునే గొట్టం దగ్గర పట్టుకోవాలి. అప్పుడు ఇస్సాకు లోపల కూర్చొని తాళం తిప్పేవాడు. జీపు రెండుసార్లు మూలిగి ఊరుకునేది. బ్యాటరీలో అంతకంటే సత్తువ లేదు.

"ఇంగ తోయ్," అనేవాడు ఇస్సాకు.

ఇంటి ముందు వీధి చదునుగా ఉంటుంది. యాభై అడుగుల అవతల, చర్చి మలుపు దగ్గర కొంచెం పల్లం. అక్కడిదాకా తోస్తే చాలు, పల్లంలో బండి దానంతటదే దొర్లుతుంది, ఇస్సాకు గేరు వేసి క్లచ్చి వదిలితే ఇంజను అందుకుంటుంది. లూదియా ఒకసారి అడిగింది కూడా, "రాత్రి ఆ పల్లంలోనే నిలబెట్రాదా, తెల్లారి తోసే పనుండదు గదా" అని.

"బండి కొన్న్యది ఒకరింటి ముందర పెట్టేదానికా? మనింటి ముందరుంటేనే గదా ఇది మనదని తెలిసేది," అన్నాడు ఇస్సాకు.

వెనక నుంచి తోసే మనిషికి బండి ముందరున్న దారి కనపడదు. కనపడేది వెనక రేకు, దాని మీద నంబరు, తన రెండు చేతులు. లూదియా ఆ నంబరును చూస్తూ అడుగు మీద అడుగు వేసేది. ఇంజను అందుకున్నప్పుడు నల్లటి పొగ వచ్చి ముఖానికి కొట్టేది. ఇస్సాకు ఆగేవాడు కాదు. ఆపితే మళ్ళీ ఆగిపోతుందని భయం. పొగ పలచబడేసరికి వీధిలో ఆమె ఒక్కతే ఉండేది, తలకు గుడ్డ కట్టుకొని, నుదుటి మీద మసితో. ఎదురింటి కమలాక్షమ్మ ముగ్గు వేస్తూ తలెత్తి చూసి, చూడనట్టు తల దించుకునేది. ఆ తల దించుకోవడమే లూదియాకు అన్నిటికంటే కష్టంగా ఉండేది. ఎవరైనా నవ్వితే తిట్టొచ్చు. జాలిపడి తల దించుకున్న మనిషిని ఏమనగలం?

లూదియా గవర్నమెంటు నర్సు. వక్కిలేరు వాగు అవతల నాలుగు పల్లెల్లో కాన్పులు, సూదులు ఆమె పని. అవన్నీ నల్లరేగడి పల్లెలు. వాన పడితే ఎద్దులబండి కూడా ఇరుసు దాకా దిగబడుతుంది. నాలుగు చక్రాలూ తిరిగే జీపు ఒక్కటే ఆ నేలలో పోగలిగేది. అందుకే రెండేండ్ల కింద ఇస్సాకు జీపు కొందామన్నప్పుడు ఆమె తన ప్రావిడెంటు ఫండు మారుమాట లేకుండా తీసి ఇచ్చింది. "నీ డ్యూటీకే లేమ్మే. ఎన్నాళ్ళని ఆ బురదలో నడుస్తావు?" అన్నాడు ఇస్సాకు. పెండ్లయిన పదహారేండ్లలో తన కాళ్ళ గురించి అతను మాట్లాడింది అదే మొదలు. ఆమెకు ఇంకో ఆశ కూడా ఉంది, పైకి చెప్పలేదు. కూతురు ప్రేమకుమారిని నంద్యాలలో హాస్టలుకు పంపి అప్పటికి ఏడాది. ఇస్సాకుకు తీరినప్పుడే చూసి రావడం. అతనికి తీరేది రెండు మూడు నెలలకొకసారి. బండి ఉంటే ఆదివారం ప్రార్థన కాగానే తానే తోలుకొని పోయి, పిల్లకు తల దువ్వి, సాయంత్రానికి తిరిగి రావచ్చు.

తోలడం ఆమెకు వచ్చు. మా నాయన పరంజ్యోతి నంద్యాలలో ఒక డాక్టరమ్మకు జీపు డ్రైవరుగా ఉండేవాడు. పన్నెండేండ్ల వయసులోనే అక్కకు ఇంజను లేపే ఇనప హ్యాండిల్ తిప్పడం నేర్పాడు. "బొటనవేలు చుట్టూ తిప్పి పట్టుకోవద్దు తల్లీ, మిగతా వేళ్ళ పక్కనే పెట్టు. హ్యాండిల్ ఎదురు తన్నిందంటే వేలు విరుగుతాది," అని చెప్పేవాడు. ఆస్పత్రి కాంపౌండులో సాయంత్రాలు ఆమెను స్టీరింగు ముందు కూర్చోబెట్టేవాడు. నన్ను కూర్చోబెట్టలేదు. నీకు నిదానం ఎక్కువ, నువ్వు గోడకు కొట్టినాక బ్రేకు తొక్కుతావు అనేవాడు.

బండి చూడటానికి అందరూ నంద్యాల పోయారు. బ్రోకరు శేషయ్య దొడ్లో రెండు జీపులు ఉన్నాయి. ఒకటి పచ్చరంగుది, పెట్రోలు. ఇంకొకటి బూడిదరంగుది. అది కూడా పుట్టుకతో పెట్రోలు బండే, ఎవరో ఆ ఇంజను దించి డీజిలు ఇంజను ఎక్కించారు.

"ఇస్సాకప్పా, ఉన్న మాట చెప్తా," అన్నాడు శేషయ్య. "పెట్రోలుది పిలిస్తే పలుకుతాది. అయితే తాగుడెక్కువ. డీజిలుది దున్నపోతు. లేచేదానికి మొండికేస్తాది. లేచిందా, సగం ఖర్చుతో సాయంత్రం దాకా పనిజేస్తాది."

మగవాళ్ళు లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని మాట్లాడుకుంటుండగా లూదియా పచ్చ జీపు దగ్గరికి పోయింది. హ్యాండిల్ సీటు కిందే ఉంది. తీసి, ముందు బెజ్జంలో దూర్చి, చెంగు నడుముకు దోపి, కింది నుంచి పైకి ఒక్క లాగు లాగింది. బండి గుర్రుమని లేచింది. దొడ్లో పనివాళ్ళు చేతిలో పని ఆపి చూశారు. ఒకడు ఈల వేశాడు. ఎప్పుడో నాయన ఉన్నప్పటి పెట్రోలు వాసన ఆమె ముక్కుకు తగిలింది. నవ్వుతూ వెనక్కు తిరిగి భర్తను చూసింది. ఇస్సాకు నవ్వడం లేదు.

"ఆ డీజిలు బండికి ముందు చక్రాల గేరు పడ్తాదా అన్నా?" అని ఆమె శేషయ్యను అడిగింది.

"పడ్తాదమ్మా. ఇంజను బరువు గాబట్టి స్టీరింగు తిప్పాలంటే రెక్కలు గట్టిగుండాల."

"ముందర బరువుంటే రేగట్లో ముందరే దిగబడ్తాది గదా?"

"సూదులేసేది మానేసి ఇంజనీరు పరీక్ష రాసినాది మా నర్సమ్మ," అన్నాడు ఇస్సాకు. అందరూ నవ్వారు. బూడిదరంగు జీపుకు బయానా ఇచ్చారు.

ఆ రోజు ఆమెకు బాధ కలిగింది గానీ కోపం రాలేదు. దారి పొడుగునా తనకు తానే సర్ది చెప్పుకుంది. డీజిలు సగం ధర అన్నది నిజమే కదా. ఇంటిపెద్ద ఖర్చు చూసుకోక ఏం చూసుకుంటాడు. తనది చిన్నప్పటి మోజు, వాసన మీద మోజు, మోజుతో బండి కొంటారా. రెండేండ్లు ఆమె ఆ మాటే పట్టుకొని నిలబడింది. చర్చి సంఘంలో ఆడవాళ్ళు ఎవరైనా, "ఎందుకక్కా ఆ మొండి బండి?" అంటే, "ఖర్చు తక్కువ లేమ్మా" అని భర్త తరఫున తానే జవాబు చెప్పేది. చలికాలం పోయి ఎండాకాలం వస్తే నీళ్ళు కాచే పని తప్పేది, తోసే పని తప్పేది కాదు. బ్యాటరీ మార్చడమంటే మళ్ళీ ఖర్చు. ఆ ఖర్చు లేకుండా తోసే మనిషి ఇంట్లోనే ఉంది.

ఆ రెండేండ్లలో జీపు వక్కిలేరు దాటింది లేదు. పెండ్లి బాడుగలకు పోయింది, గడివేములకు వేరుశనగ విత్తనాల మూటలు మోసింది, సంఘ పెద్దలను మీటింగులకు తిప్పింది. లూదియా మాత్రం సంచి భుజాన వేసుకొని నడిచే పోయేది. ఆస్పత్రిలో డాక్టరు, "మీకేం సిస్టర్, జీపున్న మనుషులు" అని నవ్వేవాడు. ఒకసారి పల్లెలో ఆదిలక్ష్మమ్మ అనే ఆమె, నొప్పులు పడుతూ కూడా ముక్కు చిట్లించి, "నీ చేతులు లారీ వాసన కొడ్తాండాయి నర్సమ్మా," అంది. లూదియా మళ్ళీ సబ్బు పెట్టి కడుక్కుంది. ఆ వాసన పోలేదు. కుటుంబమంతా నంద్యాల పోవలసి వస్తే ముందు సీట్లో ఇస్సాకు పక్కన సరోజమ్మ. లూదియాకు వెనక తలుపు దగ్గర చోటు. "నువ్వు ఆ చివర్నే కూచో, దిగి తోసేదానికి అనువుగుంటాది," అనేది అత్త. అందులో ఎగతాళి లేదు. కోడలికి అనువైన చోటు చూపిస్తున్నాననే అనుకునేది.

హాస్టలు దగ్గర కూడా అంతే. ప్రేమకుమారి గేటు దాకా వచ్చేది, నాన్నమ్మతో మాట్లాడేది, నాన్న ఇచ్చిన బిస్కెట్లు తీసుకునేది. ఇంతలో "పొద్దు పోతాది, పదండి" అని ఇస్సాకు కేకేసేవాడు. కూతురు చూస్తుండగా లూదియా వెనక్కు పోయి రేకు మీద చేతులు పెట్టేది. గేటు లోపల పిల్లలు కిసుక్కుమనేవారు. పద్నాలుగేండ్ల పిల్ల తల పక్కకు తిప్పుకునేది. కమలాక్షమ్మ తల దించుకోవడం ఒక రకం. ఇది ఇంకొక రకం.

ఆ డిసెంబరులో, క్రిస్మసుకు పది రోజుల ముందు, బ్రోకరు శేషయ్య ఆళ్ళగడ్డ వచ్చి ఇంటికి వచ్చాడు. లూదియా లోపల టీ కాస్తోంది.

"ఎట్లుండాదప్పా దున్నపోతు?" అన్నాడు శేషయ్య.

"ఉండాది. పొద్దున్నే రోంత ఊపాల."

"నేను ఆ పొద్దే చెప్తి గదా. ఆ పచ్చ బండి ఆత్మకూరాయప్ప తీసుకున్న్యాడు, అడివి పనికి. ఇప్పుడు గూడా పలుకు మీదుండాది. అది తీసుకొనుంటే మీ ఇంటామె ఒక్కతే హ్యాండిలేసుకొని డ్యూటీకి పోతాండె."

ఇస్సాకు పెద్దగా నవ్వాడు. "అందుకే గదా దాన్ని వద్దన్నెది! ఆ యమ్మ ఒక్క లాగుకే లేపె గదా, నువ్వూ చూస్తివి. బండి ఆ యమ్మ చేతికొస్తే ఇంగ ఇంట్లో నిలబడ్తాదా? పొద్దున లేస్తే నంద్యాలే. ఇదైతే ఇంకొకరు లేందే లేవదు."

లూదియా టీ గ్లాసులతో తలుపు దగ్గరే ఉంది. ఆమె వచ్చి గ్లాసులు పెట్టింది. శేషయ్య ముఖం గ్లాసులోకి పెట్టుకున్నాడు. ఇస్సాకు మాత్రం, "చక్కెర తక్కువైనట్టుంది సూడు," అన్నాడు.

ఆమె లోపలికి పోయి చక్కెర డబ్బా తీసి, మూత పట్టుకొని అట్లాగే నిలబడింది. ఖర్చు కాదు. రెండేండ్లుగా తాను ఇంటింటికీ చెప్పుకొచ్చిన ఆ ఖర్చు అసలు అతని తలలోనే లేదు. తాను కాచిన బిందెలు, మింగిన పొగ, పిల్ల తిప్పుకున్న తల, ఇవన్నీ పొదుపు కోసం అనుకుంది. అవి కాపలా కోసం. తనకు కాపలాగా ఒక ఇంజనును పెట్టాడు, ఆ ఇంజనును రోజూ లేపి కూర్చోబెట్టే పని కూడా తనకే ఇచ్చాడు. ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు. ఈ మాట చెప్పుకోవడానికి ఎవరున్నారా అని ఒక్కొక్కరినే తలుచుకుంది. అత్త నవ్వుతుంది. పాస్టరమ్మ ప్రార్థన చేద్దామంటుంది. పిల్లకు చెప్పే మాట కాదు. నాయన లేడు. చక్కెర తెచ్చి రెండు గ్లాసుల్లోనూ వేసి కలిపింది.

మర్నాడు ఇస్సాకు నంద్యాల సంఘ పెద్దల మీటింగుకు పోవాలి. రాత్రే డీజిలు నింపి పెట్టాడు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించాడు. లూదియా నీళ్ళు కాచింది, రేడియేటరులో పోసింది, గుడ్డ అంటించి పట్టుకుంది. జీపు రెండుసార్లు మూలిగింది.

"ఇంగ తోయ్."

ఆమె వెనక్కు పోయి రేకు మీద చేతులు పెట్టింది. నంబరు చూసింది. చేతులు తీసేసింది. ఇంట్లోకి పోయి డ్యూటీ సంచి తెచ్చుకొని ముందుకు వచ్చి, ఇస్సాకు పక్కన నిలబడింది.

"దిగు."

"ఏందీ?"

"నువ్వు దిగి తోయి. నేను కూచుంటా."

"తలకాయ తిరిగిందా నీకు? లేటైతాంది, పో, పోయి తోయ్!"

"రెక్కలు నొప్పిగుండాయి. ఈ పొద్దు నాతో కాదు. లేదంటే బస్సుకు పో."

"లైసెన్సుండాదా నీకు?"

"నీకుండాదా?"

కమలాక్షమ్మ ముగ్గు గిన్నె కింద పెట్టింది. ఈసారి తల దించుకోలేదు. అరుగు మీద నుంచి సరోజమ్మ, "ఏమైందిరా ఇస్సాకూ? టైమైతాంది గదా, ఆ పిల్లను కూచోబెట్టు, మలుపు దాకానే గదా," అంది. కోడలి మీద ప్రేమతో కాదు, మీటింగులో కొడుక్కు ముందు కుర్చీ దొరకదేమోనని.

ఇస్సాకు దిగాడు. "పల్లం దిగినాక క్లచ్చి వదులు. అందుకున్న్యాక ఆపు, నేనెక్కుతా."

అతను తోశాడు. నాలుగు అడుగులకే రొప్పు వచ్చింది. "బరువుండాదే," అన్నాడు తనలో తానే, మొదటిసారి కనిపెట్టినట్టు. పల్లంలో జీపు దొర్లింది. లూదియా రెండో గేరు వేసి క్లచ్చి వదిలింది. ఇంజను అందుకుంది. పొగంతా తెల్ల చొక్కా మీద పడింది.

"ఆపు! ఆపమంటాండా గదా!"

"ఆపితే ఆగిపోతాది!" అని ఆమె వెనక్కు చూడకుండా అరిచింది. "నా డ్యూటీకని కొంటివి గదా, డ్యూటీకి తీసకపోతాండా!"

డ్యూటీకే అని బయలుదేరింది. పల్లెలకు ఎడమ పక్కకు తిరగాలి. ఆ మలుపులో స్టీరింగును కుడి పక్కకు తిప్పింది. కుడి పక్క నంద్యాల దారి. శేషయ్య చెప్పినట్టే స్టీరింగు బరువే. భుజాలు లాగేశాయి. అయితే రెండేండ్లు బండినే తోసిన భుజాలవి. సిరివెళ్ళ దాటినాక భయం పోయి, దాని జాగాలోకి ఇంకేదో వచ్చింది. దారి మొత్తం ముందు కనపడుతోంది. పక్క సీటు ఖాళీ. చూడు, ఆ కొంగలు చూడు అని చెప్పడానికి ఎవరూ లేరు. ఇంత దూరం ఒక్కతే ఎప్పుడూ పోలేదని, పోతే ఇట్లా ఉంటుందని, ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని ఆమెకు తెలియదు. ఇంజను అంత మోత చేస్తున్నా నిశ్శబ్దమే.

నంద్యాలలో హాస్టలు వీధిలోకి తిరిగింది. అప్పుడు గుర్తొచ్చింది. వీధి చదును. ఆ చుట్టుపక్కల అంతా చదునే. ఆపితే తానొక్కతే మళ్ళీ లేపలేదు. యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే ఇంజను చచ్చిపోతుంది. మగవాళ్ళను పిలిచి తోయించుకోవచ్చు. గేటు లోపల పిల్లలు కిసుక్కుమంటారు, ప్రేమ తల తిప్పుకుంటుంది. ఆమె గేటు ముందు నుంచి నెమ్మదిగా పోతూ హారన్ కొట్టింది. ఎవరూ రాలేదు. గోడ చుట్టూ తిరిగి మళ్ళీ వచ్చి కొట్టింది. వరండాలో రెండు జడల పిల్ల ఒకతి నిలబడింది. ప్రేమే అనుకుంది. కాదు. మూడోసారి వచ్చేసరికి వాచ్‌మన్ కట్టె ఊపుతూ గేటు బయటికొచ్చాడు.

"హారన్ కొట్టాకు! లోపల పరీక్షలు జరుగుతాండాయి! ఎవురు నువ్వు?"

"ప్రేమకుమారి వాళ్ళమ్మను!" అని అరిచింది.

ఇంజను మోతలో అతనికి వినపడలేదు. కట్టె ఊపుతూనే ఉన్నాడు. పెట్రోలు బండి అయ్యుంటే ఆపేది. దిగేది. పరీక్ష అయ్యేదాకా గేటు దగ్గర కూర్చునేది. ఇస్సాకు కొన్నది ఏమిటో అప్పుడు ఆమెకు పూర్తిగా తెలిసింది.

ఆ రోజుల్లో నేను కేసీ కెనాలు మీద లస్కరు పని, అంటే కాలువ కాపలా పని చేసేవాణ్ణి. ఆ మధ్యాహ్నం కాలువ గట్టు మీదికి జీపు వచ్చింది. గట్టు నుంచి బాట కిందికి దిగే చోట, ముక్కు పల్లానికి పెట్టి ఆగింది. ఇంజను ఆగిపోయింది. అక్క దిగింది.

"అక్కా, ఆపేస్తివే! మళ్ళ ఎవురు తోస్తారు?" అన్నాను.

ఆమె గట్టు మీద కూర్చొని రెండు చెంబుల నీళ్ళు తాగింది. నేను ఇంతదాకా చెప్పిందంతా ఆమె అప్పుడు చెప్పిందే, ఒక్కసారిగా, నా వైపు చూడకుండా, కాలువ వైపు చూస్తూ. ఏడవలేదు. చెప్పడం అయినాక చీర దులుపుకొని లేచి, "వాగవతల మా సబ్‌సెంటరు ఆస్పత్రి వెనక నర్సుండాలని కట్టిన గదుండాది. ఇన్నేండ్లు తాళం నా సంచిలోనే ఉండె. ఈ పొద్దు తీస్తా," అంది.

జీపెక్కి హ్యాండ్‌బ్రేకు వదిలింది. బండి దొర్లింది. నేను తోయడానికి రెండు చేతులూ చాపి వెనక పరుగెత్తాను. చేతులు తగలకముందే ఇంజను అందుకుంది.

ఆ గదిలోనే ఆమె పదకొండేండ్లు ఉంది. జీపును ఎప్పుడూ వాగు ఒడ్డున, వాలు చూసుకొనే నిలబెట్టేది. వానాకాలంలో అది రేగట్లో దిగబడేది కూడా, ఆమె ముందే చెప్పినట్టు. అప్పుడు పల్లె వాళ్ళు వచ్చి లాగేవాళ్ళు.

అంతే మనమరాలా. ఇంగ నీ పని ఒకటుండాది. కర్నూలు పోయినప్పుడు ఈ కాగితాలు మీ ప్రేమత్తకు చదివి వినిపించు. ఆ యమ్మకు వాళ్ళ నాన్నమ్మ సరోజమ్మ చెప్పినది వేరే. మీయమ్మ జీపెత్తుకొని పాయ, పోతా పోతా నీ ముఖం గూడా చూడల్యా అని చెప్పినాది. అక్క నోరు తెరిసి చెప్పే మనిషి గాదు. నేను చెప్పబోతే, మామా నువ్వెప్పుడూ మీ అక్క పక్షమే అంటాది. నువ్వు చదువు. నిమ్మళంగా చదువు. ఎనిమిదో తరగతి అర్ధసంవత్సరం పరీక్ష, పొద్దున పూట, బయట ఒక బండి మూడుసార్లు హారన్ కొట్టింది, యాదికుండాదా అని అడుగు. అది వాళ్ళమ్మేనని చెప్పు.